బండి వాళ్లది, చెకింగు మనకి



ఈసారి పోడు పట్టాల గురించి రాయట్లేదు, 1/70 గురించీ రాయట్లేదు. తిండి ఆర్డర్ పెట్టే యాప్ గురించి రాస్తున్నా. "ఇదేంటి, మన పేజీలో స్విగ్గీ ఏంటి, మనోడికి పిచ్చెక్కిందా" అని కొందరు అంటారని తెలుసు. చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

2026 జనవరిలో స్విగ్గీ కంపెనీ తన యాప్‌కి ఒక కొత్త తలుపు పెట్టింది. చాట్‌జీపీటీ, క్లాడ్, జెమిని లాంటి ఏఐలు ఆ తలుపులోంచి నేరుగా లోపలికెళ్ళి హోటళ్ళు వెతకొచ్చు, మెనూ చదవొచ్చు, కార్ట్‌లో ఐటమ్స్ పెట్టొచ్చు, ఆర్డర్ కూడా చేసేయొచ్చు. ఈ తలుపుల పద్ధతిని మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అంటారు, పొట్టిగా ఎంసీపీ. ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ 2024 నవంబర్‌లో దీన్ని అందరికీ విడుదల చేసింది. ఇప్పటిదాకా ఏఐకి నోరు మాత్రమే ఉండేది, చేతులు లేవు. అడిగితే చెప్పేది, అంతే. ఎంసీపీ వచ్చాక చేతులొచ్చాయి. ఒక్కో పనికి ఒక్కో చెయ్యి. హోటల్ వెతకడానికి ఒకటి, కూపన్ పడుతుందో లేదో చూడ్డానికి ఒకటి, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోడానికి ఒకటి.

వీటిల్లో నా కన్ను పడింది కార్ట్ చూసే పనిముట్టు మీద. దాన్ని పిలిస్తే కార్ట్ మొత్తం ఏఐ ముందు పరుస్తుంది. ఏ ఐటమ్, ఎన్ని, ఒక్కోటి ఎంత, డెలివరీ ఛార్జీ ఎంత, పన్ను ఎంత, కూపన్ పోను కట్టాల్సింది ఎంత. ఏఐ అదంతా చదివి తన యజమానికి చెప్తుంది: "మీరు రెండు బిర్యానీలు అడిగారు, కార్ట్‌లో ఒకటే ఉంది. మీరు చెప్పిన 500 దాటిపోతోంది. కర్డ్ రైస్ తీసేయనా?" యజమాని సరే అన్నాకే ఆర్డర్ పోతుంది. అంటే సంతకం పెట్టే ముందు సరుకు చూసుకోడం అన్నమాట. మంచి అలవాటే. సంతలో మన అమ్మలు తరతరాలుగా చేస్తున్న పని. చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేటప్పుడు షావుకారు కాటా వైపు చూసే చూపు అదే.

నేనిది నిడదవోలులో కూర్చుని రాస్తున్నా. జంక్షన్ మీదుగా విజయవాడ-విశాఖ రైళ్ళు పోతుంటాయి. 2024లో స్విగ్గీ, ఐఆర్‌సీటీసీ కలిసి రైల్లో సీటు దగ్గరికే తిండి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు స్టేషన్లలో రెండు మన రాష్ట్రానివే, విజయవాడ, విశాఖ. స్విగ్గీ పెట్టినవాళ్ళల్లో మాజేటి శ్రీహర్ష, నందన్ రెడ్డి తెలుగువాళ్ళే. కాబట్టి ఇదేదో అమెరికా కథ అనుకోకండి. రేపు ఏసీ బోగీలో పడుకున్న మనిషి ఫోన్‌తో "నాకు తిండి చూడు" అంటే, ఫోన్ వెతికి, కార్ట్ నింపి, కార్ట్ సరిచూసి, బెర్త్ దగ్గరికి తెప్పిస్తుంది. ఆ మనిషి కళ్ళు కూడా తెరవక్కర్లేదు. ఆయన తిండికి అంత కాపలా.

మరి మన తిండికి?

మన బండి గురించి చెప్తా. మీకు గుర్తుందిగా, 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ అని రాష్ట్రం మొత్తానికి 9,260 బళ్ళు దింపింది. 2025 జూన్ 1 నుంచి ఇప్పటి ప్రభుత్వం వాటిని ఆపేసి మళ్ళీ డిపోలకే రమ్మంది, 65 ఏళ్ళు దాటిన పెద్దలకీ వికలాంగులకీ మాత్రం ఇంటికే అంది. బండి పెట్టినవాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు, తీసినవాళ్ళు అంతకంటే గొప్పగా చెప్పుకున్నారు. బండి రావాలా, డిపోకి పోవాలా అని నాలుగేళ్ళు టీవీల్లో కొట్టుకున్నారు. బండిలో ఏముందో, ఎంత తూగిందో చూసుకునే హక్కు గూడెం చేతికి ఇద్దామని మాత్రం ఇద్దర్లో ఒక్కరూ అన్లేదు. నాకు ఈ పార్టీ మీదా ఆ పార్టీ మీదా ప్రత్యేకంగా ప్రేమ లేదు, కోపమూ లేదు. ఇద్దరికీ సమానంగా ఉంది.

మన డిపో దగ్గర ఏం జరుగుతుందో ఆలోచించండి. ముందు వేలిముద్ర, తర్వాతే బియ్యం. ఈ-పోస్ మిషన్ మీద వేలు పెట్టాక కంప్యూటర్లో "ఇచ్చాం" అని పడిపోతుంది. అప్పటికి సంచిలో గింజ పడి ఉండకపోవచ్చు. ఆ తర్వాత సంచిలో పడేది ఎంతైనా రికార్డు మారదు. వేలిముద్ర వేయించుకుని "సరుకు రాలేదు, వచ్చే వారం రండి" అంటే ఏం చేస్తారు? కంప్యూటర్‌ని అడిగితే మీకు ముట్టిందనే చెప్తుంది. మన రాష్ట్రంలో రేషన్ లావాదేవీలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డిపోల వారీగా కనిపిస్తాయి, చూసే ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అక్కడ కనపడేది మన వేలు. మన సంచి కనపడదు.

ఇంకో ఘోరం చూడండి. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే సరుకు తీసుకోవాలంటే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం చూపించాలి. ఫోన్ కెమెరా తల్లి ముఖాన్ని ఆధార్ ఫోటోతో పోల్చి చూస్తుంది. కలిస్తేనే సరుకు. ఇది కూడా ఏఐనే తమ్ముళ్ళూ. ఆ బెర్త్ మీద పడుకున్న మనిషికి పనిచేసే ఏఐకి చుట్టమే. అక్కడ అది సరుకుని అనుమానిస్తుంది, మనిషిని నమ్ముతుంది. ఇక్కడ మనిషిని అనుమానిస్తుంది, సరుకుని నమ్ముతుంది. ఏడో నెల గర్భంతో ఎండలో నడిచొచ్చిన కొండరెడ్డి తల్లి ముఖం నిజమో కాదో తేల్చడానికి ఢిల్లీ దాకా సర్వర్లు పెట్టారు. ఆమె చేతికిచ్చిన ప్యాకెట్లో పప్పు ఎంతుందో, గుడ్డు పగిలిందో బాగుందో చూడ్డానికి ఒక్క మిషన్ పెట్టలేదు. సిగ్నల్ లేని కొండమీద ముఖం లోడవుతూనే ఉంటుంది. పాపం అంగన్‌వాడీ అక్క ఏం చేస్తుంది, ఆమెని తిట్టి లాభం లేదు. ఆమె కూడా ఈ యాప్‌ల కిందే నలుగుతోంది, వాళ్ళ సంఘాలు దీని మీద ఎప్పట్నుంచో గొడవ చేస్తున్నాయి.

"దొంగ కార్డులు ఆపాలి కదా, అందుకే చెకింగ్" అంటారు. దీని మీద చదువుకున్నోళ్ళు లెక్క తీశారు. జార్ఖండ్‌లో కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు రేషన్‌లో ఆధార్ వేలిముద్ర పద్ధతిని పరీక్షించారు. వేలిముద్ర పెట్టినందువల్ల దొంగతనం సగటున తగ్గలేదు. ఆధార్ జోడించని అసలైన పేదలకి మాత్రం అందేది తగ్గింది. అంటే వల వేసింది దొంగకి, పడింది ఇంటివాడు. అదే జార్ఖండ్‌లో సిమ్‌డేగా జిల్లాలో 2017 సెప్టెంబర్‌లో 11 ఏళ్ళ పాప చనిపోయింది. రేషన్ కార్డు ఆధార్‌తో కలపలేదని కొట్టేశారు, ఇంట్లో తిండి లేదు అని తల్లి చెప్పింది. ప్రభుత్వం మలేరియా అంది. కార్డు కొట్టేయడానికి పట్టిన టైము ఎంత, పాప ఎందుకు చనిపోయిందో ఒప్పుకోడానికి పట్టే టైము ఎంత, మీరే ఆలోచించండి.

దూరం ఎందుకు. మన రాష్ట్రంలో, పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం. 2025 సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు. వందమందికి పైగా ఆడపిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. ఇద్దరు పిల్లలు చనిపోయారు. తాగే నీళ్ళ మీద అనుమానం వచ్చింది, మంత్రులు వచ్చారు, నాయకులు వచ్చారు, వాళ్ళ మీద వీళ్ళు వీళ్ళ మీద వాళ్ళు అరుచుకున్నారు. నేను అడిగేది ఒక్కటే. ఆ పిల్లల హాజరు రోజూ కంప్యూటర్‌కి ఎక్కుతుంది కదా. పిల్ల ఉందా లేదా అన్నది పైకి తెలుస్తుంది. పిల్ల తాగే నీళ్ళు, తినే కూర ఎట్లా ఉన్నాయో ఆ పిల్ల అమ్మానాన్నలకి రోజూ తెలిసే దారి ఏది? ఒకడు ఆకలేసి ఆర్డర్ పెట్టిన 200 రూపాయల బిర్యానీని ప్రతి అడుగులో చూసుకునే తెలివి ఈ దేశానికి ఉంది. గురుకులంలో వందలమంది పిల్లల కోసం వండే గంగాళాన్ని చూసుకునే తెలివి లేదా? ఉంది. మన మీద ఖర్చుపెట్టాలనిపించలేదు.

హాస్టల్లో చదువుకున్నోళ్ళందరికీ తెలుసు, మెనూ బోర్డు ఒక సాహిత్య ప్రక్రియ. బోర్డు మీద సోమవారం గుడ్డు, మంగళవారం పప్పు ఆకుకూర, ఆదివారం చికెన్. రంగు సుద్దతో పూలు కూడా గీస్తారు. ప్లేట్లో మాత్రం ఏ రోజైనా ఒకటే రోజు. తనిఖీకి సారు వస్తున్నాడని తెలిసిన రోజు బోర్డూ ప్లేటూ కలుస్తాయి. ఆ ఒక్క పూట ఫోటో రికార్డులోకి పోతుంది. మిగతా పూటలన్నీ మన కడుపులోనే.

ఇప్పుడు ఎదురు ప్రశ్నకి వద్దాం. మన మిత్రుల్లోనే కొందరు అంటున్నారు: "ఏఐ కార్పొరేట్లది. దానికి కావాల్సిన కరెంటు, నీళ్ళు, ఖనిజం మన నేలల్లోంచే పోతాయి. దాని జోలికి పోవద్దు." ఈ మాటలో నిజం ఉంది, కాదనను. పోలవరం చూసినోళ్ళం, "అభివృద్ధి" అనే మాట వినగానే సామాన్లు సర్దుకోడం అలవాటైనోళ్ళం. కానీ జోలికి పోకపోతే అది మన జోలికి రాదా? వచ్చేసింది కదా. అంగన్‌వాడీ తల్లి ముఖం దాకా వచ్చింది. మనకి మిగిలిన ప్రశ్న అది ఎవరి తరఫున కాపలా కాయాలన్నదే.

పైగా ఇదేమీ కొత్త ఊహ కాదు. మన పక్కనే తెలంగాణలో 2018లో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు ఒక ప్రయోగం జరిగింది. కొన్ని మండలాల్లో అధికారులకి ముందే చెప్పారు: "చెక్కు ముట్టిందా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం." అంతే. కొత్త మిషన్ లేదు, వేలిముద్ర లేదు, ముఖం చూడ్డం లేదు. ఆ మండలాల్లో రైతులకి చెక్కులు మెరుగ్గా, టైముకి అందాయి. పెరిగింది కొంచెమే, కానీ అయిన ఖర్చు దానికంటే చాలా తక్కువ. ఇక్కడ కీలకం ఏంటో గమనించారా? తీసుకునేవాణ్ణి చెక్ చేయలేదు, ఇచ్చేవాణ్ణి చెక్ చేశారు. అదీ తీసుకునేవాణ్ణే అడిగి.

ఇంకా మాట్లాడితే చట్టం మన వైపే ఉంది. ఆహార భద్రతా చట్టం 2013 తీయండి. సెక్షన్ 27: రేషన్ వ్యవస్థ రికార్డులన్నీ జనం ముందు పెట్టాలి, ఎవరొచ్చి అడిగినా చూసుకునేలా తెరిచి ఉంచాలి. సెక్షన్ 28: సోషల్ ఆడిట్ జరగాలి. సెక్షన్ 29: రాష్ట్రం నుంచి రేషన్ షాపు దాకా విజిలెన్స్ కమిటీలు వేయాలి, వాటిల్లో ఎస్టీలకి, ఎస్సీలకి, ఆడవాళ్ళకి చోటివ్వాలి. సెక్షన్ 8: రావాల్సిన తిండి ఇవ్వకపోతే దానికి బదులు డబ్బు భత్యం ఇవ్వాలి. మీ డిపోకి విజిలెన్స్ కమిటీ ఉందా? అందులో మీ గూడెం మనిషి పేరు ఉందా? ఆ మనిషికి తన పేరు అందులో ఉన్న సంగతి తెలుసా? ఈ మూడో ప్రశ్న జోక్ కాదు, అడిగి చూడండి.

సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 4 ఇంకో అడుగు ముందుకేసింది. రికార్డుల్ని కంప్యూటర్లో పెట్టి, నెట్‌వర్క్‌తో కలిపి, ఎవరైనా చూసుకునేలా చేయాలని 20 ఏళ్ళ కిందటే రాశారు. మనం అడక్కముందే ఇవ్వాలని రాశారు. ఉపాధి హామీ పనుల మీద ఊరూరా సోషల్ ఆడిట్ మొదలెట్టి దేశానికి దారి చూపించింది 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అంటే మనకి చేతకాక కాదు.

కొండరెడ్ల తమ్ముళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా. 2003 మే 2న సుప్రీంకోర్టు, పీయూసీఎల్ వేసిన తిండి హక్కు కేసులో, ఆదిమ తెగల కుటుంబాలకి అంత్యోదయ కార్డులివ్వాలని ఆదేశించింది. అంత్యోదయ అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నా నెలకి 35 కిలోలు. మామూలు కార్డుకైతే మనిషికి 5 కిలోలు. ముగ్గురున్న ఇంటికి 15, 35కి మధ్య తేడా ఎంతో లెక్కేసుకోండి. మీ ఇంటి కార్డు ఏ రకమో ఈ రోజే తీసి చూడండి. మన బండిలో మొదట చెక్ చేయాల్సిన ఐటమ్ అదే.

సరే, మనకి కావాల్సింది ఏంటి? ఆ స్విగ్గీ తలుపు లాంటి తలుపే ప్రభుత్వ రికార్డులకి కావాలి. జీసీసీ డీఆర్ డిపోకి గోడౌన్ నుంచి ఎన్ని బస్తాలు బయల్దేరాయి, ఎన్ని దిగాయి. ఆశ్రమ పాఠశాల స్టాకు రిజిస్టర్లో ఈ రోజు ఎన్ని గుడ్లు తీశారు, ఎంతమంది పిల్లలు తిన్నారు. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారు, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించారు. ఇవన్నీ కాగితాల మీద ఎలాగూ రాస్తున్నారు, రాయాలి కూడా. వాటిని మిషన్ చదివేలా తెరిచి పెడితే, బుట్టాయగూడెంలో డిగ్రీ చదివే పిల్లాడు కూడా ఒక సాయంత్రం కూర్చుని ఏఐకి ఆ చెయ్యి తగిలించగలడు. అప్పుడు గూడెంలో ఉన్న తల్లి, కోయలోనే, ఫోన్లో అడగాలి: "మా పాపకి ఈ రోజు గుడ్డు పెట్టారా?" జవాబు కోయలోనే రావాలి. 2025 జనవరిలో ప్రభుత్వం మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలతో మొదలుపెట్టింది. బాగుంది. సర్టిఫికెట్లు ఇస్తున్నారు, బిల్లులు కట్టించుకుంటున్నారు. అందులో మా పిల్లల మెస్ రిజిస్టర్ కూడా పెట్టండి సార్, ఇంకో సేవగా.

ఇక్కడ జాగ్రత్త కూడా చెప్పాలి. తప్పుడు రిజిస్టర్ చదివిన ఏఐ తప్పే చెప్తుంది, అదీ చక్కటి తెలుగులో, ధీమాగా. బోర్డు మీద గుడ్డు అని ఉంటే "గుడ్డు పెట్టారమ్మా" అంటుంది. స్విగ్గీ కార్ట్‌లో అబద్ధం నిలబడదు, ఎందుకంటే అరగంటలో పార్సిల్ విప్పే మనిషి ఉన్నాడు, తేడా వస్తే ఫోటో తీసి డబ్బు వెనక్కి అడుగుతాడు. ఆ విప్పి చూసే మనిషి లేకపోతే కార్ట్ చెకింగ్‌కి విలువ లేదు. మన దగ్గర ఆ మనిషి గ్రామసభ. పెసా చట్టం 1996 నుంచి ఉంది, అయిదో షెడ్యూల్ ఊళ్ళల్లో సంక్షేమ పథకాల మీద గ్రామసభకి అధికారం ఇచ్చింది. రిజిస్టర్ ఏం చెప్తుందో ఏఐ చదివి వినిపించాలి, ప్లేట్లో ఏముందో పిల్లలు చెప్పాలి, రెండూ కలిశాయో లేదో గ్రామసభ తేల్చాలి. ఏఐని సారు సీట్లో కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను. గుమస్తా సీట్లో కూర్చోబెడదాం. మన ముఖాలు, మన వేళ్ళు దానికి ఇవ్వాల్సిన పని లేదు. బస్తాలు లెక్కపెట్టడానికి ముఖాలెందుకు?

బియ్యం గురించి ఒక ఉదాహరణ. రేషన్ బియ్యంలో ఐరన్ కలిపిన గింజలు వచ్చేవి. సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్ళు జాగ్రత్త అని ప్యాకెట్ మీద హెచ్చరిక రాయాలని 2018 నిబంధనల్లో ఉండేది. 2024లో ఆ హెచ్చరిక అక్కర్లేదు, ప్రమాదానికి ఆధారాల్లేవు అని తీసేశారు. ఆ బియ్యం మంచివా చెడ్డవా అని నేనిక్కడ తీర్పు చెప్పట్లేదు, తినడం మానేయమనీ అనట్లేదు. ఇంట్లో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు డాక్టర్నే అడగండి. నేను అనేది వేరే. హెచ్చరిక పెట్టినప్పుడూ మనకి చెప్పలేదు, తీసినప్పుడూ చెప్పలేదు. డిపోలో బియ్యం విడిగా కొలిచి పోస్తారు, లేబుల్ గోనె మీద ఉండిపోతుంది. యాప్‌లో ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెడితే అందులో ఏముందో, ఎన్ని కేలరీలో చూసుకోవచ్చు. నెలనెలా మన రక్తంలోకి పోయే బియ్యంలో ఏం కలిపారో గోనెసంచికి మాత్రమే తెలుసు.

ఆ బియ్యం ఎక్కడివో కూడా తలుచుకోండి. ఈ నిడదవోలు చుట్టూ ఎటు చూసినా వరే, మిల్లులే. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి కాలవలోకి దిగే నీళ్ళు పాపికొండల మధ్య నుంచి, మన ఊళ్ళ పక్కనుంచి వచ్చినవే. నీళ్ళు కిందికి పోతాయి, బియ్యం అయి పైకి వస్తాయి, వచ్చేటప్పుడు మన వేలిముద్ర అడుగుతాయి. పోయేటప్పుడు మనల్ని ఎవరూ సంతకం అడగలేదు.

ఇంక ఆ బిర్యానీ మోసేవాడి సంగతి. వాడు కూడా మనవాడే అవ్వొచ్చు. డిగ్రీ అయ్యి, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూసి చూసి, రాజమండ్రిలోనో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో బ్యాగు తగిలించుకున్న మన తమ్ముళ్ళు ఎంతమంది లేరు. నీతి ఆయోగ్ లెక్కే చెప్పింది, 2020-21కి దేశంలో గిగ్ వర్కర్లు 77 లక్షలు, 2029-30కి 2 కోట్ల 35 లక్షలు అవుతారని. ఆ ఏఐ పనిముట్ల వరసలో కార్ట్ చూసేది ఉంది, కూపన్ చూసేది ఉంది, రైడర్ ఎక్కడున్నాడో చూసేది ఉంది. ఈ ఆర్డర్‌కి రైడర్ చేతికి ఎంత వస్తుంది అని చూసే పనిముట్టు లేదు. ఇంతకు ముందు కస్టమర్ విసుగొచ్చి ఫోన్ పక్కన పెట్టేవాడు. ఏఐకి విసుగు రాదు, నిమిషానికోసారి "ఎక్కడున్నాడు" అని అడుగుతూనే ఉంటుంది. వానలో బండి మీద ఉన్నోడికి అది ఎట్లా ఉంటుందో దానికి తెలీదు.

2025 డిసెంబర్ 25న, మళ్ళీ 31న, డెలివరీ వర్కర్లు సమ్మె చేశారు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ముందు నిలబడింది. పది నిమిషాల డెలివరీ ఆపండి, రేట్లు సరిచేయండి, ఊరికే ఐడీలు బ్లాక్ చేయొద్దు అన్నారు. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడాక బ్లింకిట్ "పది నిమిషాలు" అన్న మాట తీసేసింది. సమ్మె చేస్తే కదిలింది చూడండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కంపెనీలు తమ టర్నోవర్లో 1 నుంచి 2 శాతం వర్కర్ల భద్రతకి ఇవ్వాలని ఉంది. బ్యాగు మోసే ప్రతి తమ్ముడూ ఈ-శ్రమ్‌లో పేరు ఎక్కించుకోండి, యూనియన్‌లో చేరండి. మన తిండి బండి, వాళ్ళ తిండి బండి వేరే వేరే పోరాటాలు కావు. ఒక చోట తినేవాడు కనపడడు, ఇంకో చోట మోసేవాడు కనపడడు.

ఇప్పుడు పని చెప్తా. జీసీసీ డిపో ఉన్న ప్రతి గూడెం నుంచి ఒక్కరు, ఒకే ఒక్క అర్జీ పెట్టండి. ఆహార భద్రతా చట్టం సెక్షన్ 27 కింద గత మూడు నెలల స్టాకు రిజిస్టర్ చూపించమని. ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, కార్డు జిరాక్స్ పెడితే చాలు. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రోజూ ప్లేటు ఒక నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, పూట, ఏం పెట్టారు, ఎంత పెట్టారు. ఫోన్ ఉంటే ఫోటో, లేకపోతే పెన్నే చాలు. పేర్లు రాయొద్దు, ఎవరికీ ఇబ్బంది రాకూడదు. వచ్చే గ్రామసభలో ఆ నోట్‌బుక్ చదివించి, విజిలెన్స్ కమిటీ పేర్లు అడుగుతూ తీర్మానం చేయించండి. ఆ తీర్మానం కాపీ కేఆర్‌పురం ఐటీడీఏ పీవో గారికో, మీ ఐటీడీఏ ఏదైతే అక్కడికో ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు మర్చిపోకండి, మనోళ్ళు ఎప్పుడూ అక్కడే తేలిపోతారు.

రిజిస్టర్ కాపీ చేతికొచ్చినవాళ్ళు మా పేజీకి పంపండి. చదివి లెక్కలు తీసే పని కంప్యూటర్ తెలిసిన మన పిల్లలు చేస్తారు, అడిగాను, ఒప్పుకున్నారు. మూడు నెలల కాయితాలు, ఒక నోట్‌బుక్, ఒక గ్రామసభ తీర్మానం ఉంటే మొదటి డిపో లెక్క మనం ఇక్కడే పోస్ట్ చేస్తాం.